పోర్ట్ బ్లెయిర్ విమాన ఛార్జీకి ఒక హద్దు పెట్టండి మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో విమాన టికెట్లు బుక్ చేసేవాళ్ళం, ఆ టికెట్ల మీద ప్రయాణం చేసేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు విమాన ఛార్జీలు మితిమీరుతున్నాయని మీ శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదులు పెట్టాం, వినతిపత్రాలు పంపాం. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: ఛార్జీలు ప్రభుత్వం చేతిలో లేవు, గిరాకీని బట్టి సంస్థలే పెట్టుకుంటాయి, విమాన నియమావళి (ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్) 135వ నిబంధన ప్రకారం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఛార్జీల మీద నియంత్రణ 1994లోనే పోయిందని మాకూ తెలుసు. రైలు గానీ రోడ్డు గానీ లేని ఒక దీవికి అదే పద్ధతి ఎలా వర్తింపజేస్తారన్నది మా ప్రశ్న. దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మారింది. జనం నోట ఇంకా పాత పేరే ఉంది కాబట్టి ఈ ఉత్తరంలో అలాగే రాస్తున్నాం.

ఢిల్లీ విమానం ధర పెరిగితే సికింద్రాబాద్‌లో రైలెక్కుతాం. బెంగళూరు ధర పెరిగితే జడ్చర్ల దగ్గర బస్సు పట్టుకుంటాం. ఆ దారుల్లో విమాన సంస్థ ధర పెంచాలంటే రైలును, బస్సును చూసి కొంచెం వెనకాడుతుంది. పోర్ట్ బ్లెయిర్ దారిలో ఆ వెనకాడటం ఉండదు. ఓడ ఉంది నిజమే, కానీ చెన్నై నుంచి అయినా విశాఖ నుంచి అయినా రెండున్నర మూడు రోజుల ప్రయాణం. అది కూడా రోజూ బయలుదేరదు. విశాఖ ఓడ అయితే ఎప్పుడో ఒకసారి. వారం రోజుల సెలవు మీద పోయేవాడికి రానూపోనూ ఓడలోనే సెలవు అయిపోతుంది. అక్కడ నేవీలో, కోస్ట్‌గార్డ్‌లో, ఆర్మీలో పనిచేసే మన పిల్లలకు ఇంటి దగ్గర చావో బతుకో కబురు వస్తే ఓడ ఏం అక్కరకొస్తుంది? విమానం ఒక్కటే దారి. దారి ఒక్కటే అయినచోట మార్కెట్ మాట చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు.

ఇక ధర ఎలా మారుతూ వచ్చిందో చూద్దాం. 2020 మే నెలలో విమానాలు మళ్ళీ మొదలైనప్పుడు మీ శాఖే ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు శ్రేణులు పెట్టింది. రెండు గంటల నుంచి రెండున్నర గంటల ప్రయాణానికి పన్నులు కాకుండా కనిష్ఠం 4,500, గరిష్ఠం 13,000 రూపాయలు. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ ప్రయాణం కూడా దాదాపు అంతే సేపు. అంతకంటే మంచి నిబంధన ఇంకొకటి అప్పుడు పెట్టారు: నలభై శాతం సీట్లు ఆ శ్రేణి మధ్య ధర కంటే తక్కువకే అమ్మాలి. సామాన్యుడికి అక్కరకొచ్చింది అసలు ఈ రెండో నిబంధనే. గరిష్ఠ పరిమితి ఒక్కటే పెడితే సీట్లన్నీ ఆ పరిమితి దగ్గరికే పోయి కూర్చుంటాయి. 2022 ఆగస్టు 31తో ఈ ఏర్పాటంతా ఎత్తేశారు.

మళ్ళీ 2025 డిసెంబర్‌లో, పైలట్ల డ్యూటీ వేళల నిబంధనల వల్ల విమానాలు వందల సంఖ్యలో రద్దయి ఛార్జీలు ఆకాశానికి అంటినప్పుడు, మీరే దూరాన్ని బట్టి పరిమితి ప్రకటించారు: 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి లోపు 12,000, పదిహేను వందల లోపు 15,000, ఆ పైన 18,000. తలచుకుంటే ఒక్క రోజులో పరిమితి పెట్టగలరని దేశమంతా చూసింది. అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అయితే హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,650 కిలోమీటర్లు. అంటే చివరి మెట్టు, మనిషికి ఒకవైపు 18,000. నలుగురున్న కుటుంబం పోయి రావడానికి 1,44,000 రూపాయలు, పన్నులు అదనం. సంక్షోభంలో నిలువు దోపిడీని ఆపడానికి ఆ అంకె పనికొస్తుంది. దీవికి నిత్యం పోయివచ్చేవాళ్ళకు అదే హద్దు అంటే మాత్రం మోయలేం.

సంస్థలు చెప్పే మొదటి కారణం ఇంధనం. అందులో కొంత నిజముంది, కాదనం. దీవి మీద మబ్బు దిగి విమానం దిగలేకపోతే దగ్గరలో పెద్ద విమానాశ్రయం ఇంకొకటి లేదు, వెనక్కి ప్రధాన భూభాగానికే రావాలి. అందుకు సరిపడా ఇంధనం మోసుకుపోవాలి, ఆ బరువు మోయడానికి ఇంకొంత ఇంధనం కాలుతుంది. కానీ పన్ను సంగతి చూడండి. విమాన ఇంధనం మీద తెలంగాణలో వ్యాట్ ఒక్క శాతం. అండమాన్‌లోనూ ఒక్క శాతం. తమిళనాడులో 29 శాతం. రెండు కొసల్లోనూ పన్ను చాలా తక్కువ ఉన్న దారి మనది. రెండు చోట్లా ప్రభుత్వాలు వదులుకున్న ఆ పన్ను ప్రయాణికుడికి చేరిందా, సంస్థ లాభంలో కలిసిందా? ఈ ఒక్క లెక్క మీ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగి బయట పెట్టినా చాలు. ఇంకొకటి. రెండు నెలల ముందు కొన్న సీటుకైనా, రెండు రోజుల ముందు కొన్న సీటుకైనా కాలే ఇంధనం ఒకటే. ధర రెండింతలు, మూడింతలు అవుతున్నప్పుడు ఆ తేడాకు ఇంధనాన్ని కారణంగా చూపలేరు.

టికెట్ మీద మిగతా వరుసలు కూడా మాకు కంఠస్థమే. భద్రతా రుసుము 2021 ఏప్రిల్ నుంచి 160 కాస్తా 200 అయింది, జీఎస్టీతో 236. విమానాశ్రయ వినియోగ రుసుము ఉంది. ఎకానమీ మీద జీఎస్టీ ఐదు శాతం. ఇవన్నీ కలిపినా ధర అంత ఎగబాకడానికి కారణం ఇవి కావు. పెరిగేది పైన మొదటి వరుసలో ఉన్న మూల ఛార్జీయే.

అది ఎలా పెరుగుతుందో బయటివాళ్ళకు అంతగా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం. విమానంలో 180 సీట్లుంటే ఆ సీట్లన్నీ ఒకే రకం, ఒకే సౌకర్యం. అమ్మకంలో మాత్రం వాటిని పదికి పైగా మెట్లుగా విడగొడతారు. కింది మెట్టు మీద కొన్నే సీట్లు, అవి అయిపోగానే పై మెట్టు ధర తెరుచుకుంటుంది. ఇక్కడ కుటుంబాలు నష్టపోయే చోటు ఒకటుంది. ఉదాహరణకు కింది మెట్టులో 6,200 రూపాయల సీట్లు మూడే మిగిలాయనుకోండి, పై మెట్టు 7,400. నలుగురికి కలిపి వెతికితే నాలుగు సీట్లు ఒకేచోట దొరికే మెట్టునే చూపిస్తుంది, అంటే నాలుగూ 7,400 చొప్పున 29,600. అదే మూడు సీట్లు ఒకసారి, ఒకటి ఇంకోసారి తీసుకుంటే 26,000. తేడా 3,600. మా దగ్గరికి వచ్చేవాళ్ళకు మేము ఒక్కొక్క సీటుగా వెతికి, ఎక్కడ మెట్టు మారుతుందో చూసి, విడగొట్టి బుక్ చేస్తాం. ఇంట్లో ఫోన్లో బుక్ చేసుకునేవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెబుతారు? ఇలా విడగొట్టడంలోనూ ప్రమాదం ఉంది. పీఎన్‌ఆర్‌లు రెండవుతాయి, విమానం మారితే ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని వదిలేస్తారు, పిల్లలు ఒకచోట, తల్లిదండ్రులు ఒకచోట పడతారు. కింది మెట్టులో ఎన్ని సీట్లున్నాయో అన్నీ ఆ ధరకు ఇచ్చి, మిగిలినవాటికే పై ధర వేయమని మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే ఈ తిప్పలు ఉండవు. కంప్యూటర్లో అది పెద్ద పని కాదు.

ధర పెరగడానికి ఇంకో కారణం పోటీ తగ్గడం. పోర్ట్ బ్లెయిర్‌కు నడిచిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మే నెలలో ఆగిపోయింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా ప్రైవేటు చేతికి పోయింది, 2024 నవంబర్‌లో విస్తారా అందులో కలిసిపోయింది. దీవికి కొత్త టెర్మినల్ వచ్చింది, 2023 జూలైలో ప్రధాని ప్రారంభించారు, ఖర్చు 710 కోట్లు, ఏడాదికి 50 లక్షల మంది సామర్థ్యం. భవనం పెద్దదైంది, అక్కడికి పోటీపడి నడిపే సంస్థలు తగ్గాయి. విమానాలను మారుమూల ప్రాంతాలకు పంచే మార్గదర్శకాలు 1994 నుంచి ఉన్నాయి. ప్రధాన మార్గాల్లో నడిపే సామర్థ్యంలో పది శాతం ఈశాన్యం, కశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ వంటి చోట్లకు నడపాలి. ఎన్ని సీట్లు నడపాలో అందులో ఉంది. ఏ ఊరి నుంచి నడపాలో, ఎంతకు అమ్మాలో లేదు. అందుకే హైదరాబాద్ నుంచి నేరుగా పోయే విమానం సంస్థ ఇష్టాయిష్టాల మీద ఉంటుంది. అందులో సీట్లు నిండితే చెన్నై మీదుగా పోవాలి, రెండు విమానాల ఛార్జీ పడుతుంది, మధ్యలో గంటల కొద్దీ కూర్చోవాలి.

అన్నిటికన్నా మమ్మల్ని బాధపెట్టేది వాన రోజుల్లో తిరుగు ప్రయాణం. దీని గురించి ఎంత రాసినా తక్కువే. నైరుతి ముందు అండమాన్‌నే తాకుతుంది, మే మూడో వారం వచ్చేసరికి అక్కడ వానలు మొదలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు. మన పిల్లల వేసవి సెలవులు, దసరా సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే. పొద్దున హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో బయలుదేరిన విమానం పోర్ట్ బ్లెయిర్ మీద చక్కర్లు కొట్టి దిగలేక వెనక్కి పోతుంది. అదే విమానంలో తిరిగి రావలసినవాళ్ళు అక్కడ బోర్డింగ్ పాసులు పట్టుకొని కూర్చొని ఉంటారు. విమానం రద్దని చెబుతారు. నిబంధన ప్రకారం రెండు దారులు: పూర్తి డబ్బు వాపసు, లేదా అదే సంస్థ విమానంలో అదనపు ఛార్జీ లేకుండా వేరే సీటు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మరుసటి రోజు విమానం ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, ఆ మరుసటిదీ అంతే. మూడు నాలుగు రోజుల తర్వాత సీటు ఇస్తామంటారు. ఉద్యోగానికి చేరాల్సినవాళ్ళు, ఆసుపత్రిలో మనిషి ఉన్నవాళ్ళు, చేతిలో డబ్బు అయిపోయినవాళ్ళు అన్ని రోజులు ఆ దీవిలో ఏం తిని ఉంటారు? వాపసు తీసుకొని ఇంకో సంస్థలో సీటు వెతుకుతారు. ఉదాహరణకు మనిషికి 7,000 చొప్పున కొన్న నలుగురికి 28,000 వాపసు వస్తుంది, అదీ వెంటనే రాదు. రేపటి సీటు 15,000 ఉంటే అప్పటికప్పుడు 60,000 కట్టాలి. 32,000 రూపాయలు వాన పేరు మీద పోయాయి. వాతావరణం వల్ల రద్దయితే పరిహారం వర్తించదు, దాన్ని మేము తప్పుపట్టం. వాన సంస్థ కురిపించింది కాదు. కానీ వాన కురిసిందని మరుసటి రోజు సీటు ధర పెంచేది సంస్థే కదా సార్. ఒక విమానం రద్దయితే ఆ నూట ఎనభై మంది ఒక్కసారిగా మిగతా విమానాల్లో సీట్లు వెతుకుతారు, ఆ వెతుకులాటనే గిరాకీగా లెక్కగట్టి ధర పై మెట్లు ఎక్కుతుంది. దీన్ని మీరు ఆపాలి.

దీని వెనకే ఇంకో దెబ్బ. ఖర్చు తగ్గుతుందని చెన్నై దాకా ఒక సంస్థ, చెన్నై నుంచి హైదరాబాద్‌కు ఇంకో సంస్థ టికెట్ వేరువేరుగా తీసుకున్నవాళ్ళకు, మొదటి విమానం రద్దయితే రెండోది నో షో (ప్రయాణికుడు రాలేదన్న లెక్క) కింద పోతుంది. రెండో సంస్థకు మొదటిదాంతో సంబంధం లేదు. పన్నులు, విమానాశ్రయ రుసుము మాత్రం నో షో అయినా వాపసు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. అడిగితేనే ఇస్తారు, అడగాలని చాలామందికి తెలియదు. ఈ ఉత్తరం చదివే ప్రయాణికులకు ఒక మాట: దీవికి పోయేటప్పుడు వీలైతే హైదరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. నో షో అయిన టికెట్ మీద పన్నుల వాపసు తప్పకుండా అడగండి.

ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) మీద పోయే చిన్న ప్రభుత్వ ఉద్యోగుల బాధ వేరు. అండమాన్ ప్రత్యేక సడలింపు 2026 సెప్టెంబర్ 25 దాకా ఉంది. విమాన అర్హత లేని కేంద్ర ఉద్యోగికి కోల్‌కతా, చెన్నై, విశాఖల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం ఒప్పుకుంటారు, హైదరాబాద్ నుంచి ఒప్పుకోరు. నల్లగొండ తపాలా ఉద్యోగి శంషాబాద్‌ను పక్కన పెట్టి, రాత్రి రైల్లో చెన్నై పోయి, ఇంధన పన్ను 29 శాతం ఉన్న ఊళ్ళో విమానం ఎక్కాలి. ఇది మీ శాఖది కాదు, సిబ్బంది వ్యవహారాల శాఖది. మీరు ఒక మాట చెబితే కదులుతుందని ఆశ.

లక్షద్వీప్ సంగతి కూడా ఇంతే, ఇంకా ఇరుకు. అగత్తి రన్‌వే సుమారు 1,200 మీటర్లు, ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే దిగుతాయి. సీట్లే తక్కువ కాబట్టి ధర పైమెట్టులోనే ఉంటుంది. మన జిల్లాల నుంచి అక్కడికి పోయేవాళ్ళు తక్కువ, అందుకే ఎక్కువ రాయడం లేదు.

మంత్రిగారూ, విమానాశ్రయాల్లో పది రూపాయలకు టీ, పది రూపాయలకు నీళ్ళు దొరికేలా ఉడాన్ యాత్రీ కేఫ్ పెట్టింది మీ హయాంలోనే. 2025 అక్టోబర్‌లో ప్రభుత్వ సంస్థ అలయన్స్ ఎయిర్‌లో కొన్ని మార్గాలకు ఫేర్ సే ఫుర్సత్ పేరుతో ఒకే ధర పెట్టారు, ప్రయాణం రోజు కొన్నా అదే ధర. అంటే స్థిరమైన ధర సాధ్యమేనని మీరే నిరూపించారు. ఆ పథకం ముందుగా కావాల్సింది దీవులకు. కొన్ని మార్గాల్లో ప్రయోగంగా పెట్టిన దాన్ని, వేరే దారి లేని పోర్ట్ బ్లెయిర్‌కు, అగత్తికి ఎందుకు వర్తింపజేయకూడదు? పైగా మీరు శ్రీకాకుళం బిడ్డ. ఉత్తరాంధ్ర నుంచి పోయి అండమాన్‌లో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల కష్టం మీకు మేము చెప్పాలా? పెళ్ళికి, కర్మకు సొంతూరు రావాలంటే వాళ్ళు ఎంత కూడబెట్టాలో మాకన్నా మీకే బాగా తెలుసు.

పాలమూరుకు విమానాశ్రయం కావాలని ఈ ఉత్తరంలో అడగడం లేదు. గుడిబండ ప్రతిపాదన ఎప్పటి నుంచో ఉంది, దాని సంగతి వేరు. పంతంగి టోల్ దాటి, అవుటర్ ఎక్కి, తెల్లారేసరికి శంషాబాద్ చేరుకోవడం మాకు అలవాటే. అక్కడి నుంచి దీవికి పోయే టికెట్ ధర ముందుగా తెలియాలి, ఒక హద్దులో ఉండాలి. అడుగుతున్నది ఇంతే. దీవుల మార్గాలకు శాశ్వతంగా గరిష్ఠ ధర పెట్టండి, అది 18,000 కాకూడదు. 2020లో పెట్టినట్టు నలభై శాతం సీట్లు మధ్య ధర కంటే తక్కువకు అమ్మించండి. వాతావరణం వల్ల విమానం రద్దయితే ఆ టికెట్ ఉన్నవాళ్ళకు ఏ సంస్థ విమానంలోనైనా పాత ధరకే సీటు ఇప్పించండి, అవసరమైతే మరుసటి రోజు అదనపు విమానం నడిపించండి. గరిష్ఠ ధర గురించి మళ్ళీ అడుగుతున్నాం, అది లేకపోతే మిగతావి ఏవీ నిలబడవు. 135వ నిబంధనలోనే ఛార్జీ మితిమీరిందని తోస్తే ఆదేశాలు ఇచ్చే అధికారం డీజీసీఏకు ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు.

శీతాకాలపు షెడ్యూల్ అక్టోబర్ చివరి ఆదివారం మొదలవుతుంది. దాన్ని డీజీసీఏ ఆమోదించే ముందే హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రోజూ నేరు విమానం ఉండేలా, దాని ధర హద్దు అదే ఉత్తర్వులో రాసేలా చూడండి. షెడ్యూల్ ఖరారైతే మళ్ళీ మార్చి దాకా ఎవరినీ కదిలించలేం. ఈసారి ఎయిర్‌సేవ నుంచి వచ్చే అచ్చు జవాబు వద్దు సార్, పై అంశాల మీద మీ శాఖ ఏం చేస్తుందో, ఏది చేయలేకపోతుందో, ఎందుకు చేయలేకపోతుందో రాతపూర్వకంగా తెలియజేయమని చేతులు జోడించి వేడుకుంటున్నాం.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విమాన ప్రయాణికులు, టికెట్ బుకింగ్ కేంద్రాల వాళ్ళం